విభక్తి బోధన: సెర్బియను, తెలుగు భాషల పోలిక

పరభాషను నేర్చువారికి విభక్తులు మొదటి అవరోధముగా తోచుచుండును. ఈ కష్టము విభక్తుల సంఖ్యవలన కలుగునది కాదనియు, విభక్తి నామములను ముందు చెప్పి వాక్యమును తరువాత చూపుటవలన కలుగుననియు మా యభిప్రాయము.

సెర్బియను భాషయందు సంబోధనతో గూడి ఏడు విభక్తులు కలవు. 1814లో వియన్నాలో తన వ్యాకరణమును ప్రకటించిన వుక్ కరాజిచ్, జనులు మాటలాడు భాషనే ప్రమాణముగా గ్రహించెను. ఆ భాషలో 'కుచ' యనగా ఇల్లు. 'ఉ కుచు' అనిన ఇంటిలోనికి. 'ఉ కుచి' అనిన ఇంటిలో. 'ఉ' రెంటను సమానమే. గమ్యమైనచో ద్వితీయ, ఉనికియైనచో సప్తమి వచ్చును. 'ఉ కుచమ' అనిన ఇండ్లలో. ఇచట వచనమును విభక్తియు నొక్క ప్రత్యయముననే ఇమిడియున్నవి.

తెలుగున నవి విడివిడిగా నిలుచును: ఇంటిలో, ఇండ్లలో. అయినను మన పట్టిక విద్యార్థికి చాలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున కిన్, కున్, లోన్ అనునవి యొక్కతోపాటు షష్ఠిలోనే చేరియున్నవి. కావున 'ఇంటికి', 'ఇంటిలో' అను రెండును షష్ఠియే. పట్టిక వల్లించినంత మాత్రమున గమ్యమునకును ఉనికికిని గల భేదము బోధపడదు. అయితే బోధకునకు వలయు కీలకమును ఆ గ్రంథమే ఇచ్చుచున్నది: ఇ, టి, తి అను ఔపవిభక్తికములు. ఊరు ఊరి యగును. ఏరు ఏటి యగును. నూయి నూతి యగును.

సంగారెడ్డి జిల్లా బొంతపల్లి పారిశ్రామిక ప్రాంతమున బీహారు, ఒడిశా మున్నగు రాష్ట్రములనుండి వచ్చిన కార్మికులు నివసించుచున్నారు. 2018 నాటి చట్టము తెలంగాణ పాఠశాలలలో తెలుగును తప్పనిసరి చేసినది. కావున నిట్టివారి పిల్లలకు విభక్తులు నేర్పుట నేడు మన ఉపాధ్యాయుల ముందున్న పని. 'బొంతపల్లికి', 'బొంతపల్లిలో' అనుటలో చిక్కు లేదు. ఆ పేరు మారదు. 'ఇల్లుకు', 'ఇల్లులో' అనుటయే పొరపాటు. ఇందు ప్రత్యయము సరియైనదే. దానికి ముందు ఇల్లు 'ఇంటి' కాకపోవుటయే దోషము.

హిందీ తెలిసిన బాలునకు ఈ మార్పు క్రొత్తది కాదు. 'కమరా' యనునది 'మేఁ' పరమైనపుడు 'కమరే' యగుట వాడెరుగును. ఉపాధ్యాయుడు అచటనుండి యారంభించి, ఇల్లు, ఊరు, ఏరు, చేయి వంటి నిత్యవ్యవహార పదములను 'పోవు', 'ఉండు' అను క్రియలతో జంటలుగా అభ్యసింపజేయవలెను: ఇంటికి పోయెను, ఇంటిలో ఉండెను, ఊరికి పోయెను, ఊరిలో ఉండెను.

పట్టికను త్యజింపవలెనని మేము చెప్పుట లేదు. నేర్చినదానిని క్రమపరచుటకు అది యుపకరించును. నేర్పుటకు వాక్యమే మొదలు కావలెను.