నాలుగో రోజు నది దాటాలి: ఆటర్ ట్రెయిల్ కి తేదీ ఎంచుకోవడం ఎలా?

సాఫ్ట్‌వేర్ లో ఉన్నవాళ్ళం ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరుస్తాం. ఎన్ని పనులు, ఎంతమంది, ఎన్ని రోజులు అని రాసుకుని, పైన ఇరవై శాతం బఫర్ కలిపి, మొదటి రోజు నుంచి ముందుకి లెక్క వేసుకుంటూ పోతాం. చాలా విహారయాత్రలకి ఈ పద్ధతి సరిపోతుంది. దక్షిణ ఆఫ్రికాలోని ఆటర్ ట్రెయిల్ కి మాత్రం సరిపోదు. ఇక్కడ లెక్క నాలుగో రోజున మొదలై వెనక్కి రావాలి. మా స్నేహితుల బృందానికి ప్లాన్ వేసే పని నా మీద పడ్డప్పుడు నేను వాడిన పద్ధతి ఇక్కడ వివరిస్తాను. ఇందులో కాస్త ఖగోళశాస్త్రం, కాస్త కూడికలు, మన పంచాంగం కూడా ఉన్నాయి.

ముందు దారి గురించి నాలుగు మాటలు. దక్షిణ ఆఫ్రికా దక్షిణ తీరంలో త్సిత్సికామా అనే అడవి ప్రాంతం ఉంది. 1964లో దాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. 2009 నుంచి అది గార్డెన్ రూట్ జాతీయ ఉద్యానవనంలో ఒక భాగం. అందులో 1968లో తెరిచిన కాలిబాటే ఆటర్ ట్రెయిల్. ఆటర్ అంటే మన నీటికుక్క. స్టార్మ్స్ రివర్ మౌత్ దగ్గర మొదలై, పడమరగా సాగి, నేచర్స్ వ్యాలీ దగ్గర ముగుస్తుంది. మొత్తం నలభై కిలోమీటర్లకి కొంచెం పైన. ఒకే దిశలో నడవాలి. ఐదు పగళ్ళు, నాలుగు రాత్రులు.

దూరం చూసి "రోజుకి ఎనిమిది కిలోమీటర్లేగా!" అనుకోకండి. కొండ అంచు ఎక్కడం, మళ్ళీ సముద్రపు రాళ్ళ మీదకి దిగడం, మళ్ళీ ఎక్కడం – రోజంతా ఇదే పని. బరువు మోస్తూ గంటకి రెండు కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే.

రాత్రి బసకి చెక్క కేబిన్లు ఉంటాయి. వరసగా ఎన్గూబు, స్కాట్, ఓక్‌హర్స్ట్, ఆండ్రే అని నాలుగు మజిలీలు. ఒక్కో మజిలీలో రెండు కేబిన్లు, ఒక్కో దానిలో ఆరు బంకు మంచాలు, వాటి మీద పరుపులు. కరెంటు లేదు. వంటపాత్రలు, పొయ్యి, దుప్పట్లు మనవే. రోజుకి పన్నెండు మందినే పంపిస్తారు కాబట్టి కేబిన్ లో చోటు దొరకదేమో అన్న బెంగ లేదు. కానీ ఇందులోనే ఒక మెలిక కూడా ఉంది. ఈ రాత్రి మీరు పడుకున్న మంచం మీద రేపు రాత్రి వెనకాల వచ్చే బృందం పడుకోవాలి. అంటే, "ఇవాళ వాన పడుతోంది, ఒక రోజు ఆగి వెళదాం" అనే వెసులుబాటు మీకు లేదు. మొదటి రోజు తేదీ ఖాయమైతే, నాలుగో రోజు తేదీ కూడా ఖాయమైపోయినట్టే.

ఆ నాలుగో రోజున ఏముంది? ఓక్‌హర్స్ట్ నుంచి సుమారు పది కిలోమీటర్లు నడిచాక బ్లౌక్రాన్స్ నది అడ్డం వస్తుంది. అదే నది మీద ఎగువన 216 మీటర్ల ఎత్తున హైవే వంతెన ఉంది. బంజీ జంపింగ్ కి పేరు పడ్డది అదే. నది సముద్రంలో కలిసే చోట మాత్రం వంతెన లేదు, పడవ లేదు. నీళ్ళలో దిగి దాటాలి. ఆటు సమయంలో, వాతావరణం అనుకూలంగా ఉంటే, నడుచుకుంటూ దాటవచ్చు. పోటు మీద ఉన్నప్పుడు ఈత కొట్టక తప్పదు. రెండు పక్కలా రాళ్ళు, మధ్యలో నది లాగుడు, ఎదురుగా సముద్రపు అలలు. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా అది అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ లో నేర్చిన ఈత. వీపు మీద పన్నెండు కిలోల సంచీతో ఇక్కడ అది అక్కరకు రాదు. కాబట్టి మొత్తం ఐదు రోజుల ప్రణాళికలో మన మాట వినని అంకె ఒక్కటే: నాలుగో రోజు ఆటు ఎన్ని గంటలకి?

ఈ అంకె ఎలా మారుతుందో చూద్దాం. ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన అలకి ఆవర్తన కాలం 12 గంటల 25 నిమిషాలు, సూర్యుడి వల్ల వచ్చేదానికి సరిగ్గా 12 గంటలు. అందుకే ఆటు సమయం రోజుకి సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రెండు అలలూ దాదాపు 14.77 రోజులకి ఒకసారి ఒకదానితో ఒకటి కలుస్తాయి. అప్పుడు పోటు బాగా ఎక్కువ, ఆటు బాగా తక్కువ. అది పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజులకి వస్తుంది. అష్టమి దాటాక రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. అప్పుడు పోటుకీ ఆటుకీ పెద్ద తేడా ఉండదు.

ఇలాంటి ఎన్నో అలల్ని కూడి రేపటి నీటిమట్టం చెప్పే యంత్రాన్ని, తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1872లో రూపొందించాడు. పళ్ళ చక్రాలు, కప్పీలు, ఒక తాడు – అంతే. 1879లో భారతదేశపు రేవుల కోసమే ఇంకో యంత్రం తయారైంది. ఇవాళ మీ ఫోన్ లోని ఆప్ చేసే పని కూడా ఆ కూడికే.

ఇక మన పంచాంగం. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణంలో పన్నెండేసి డిగ్రీల మెట్టు. ఆటుపోట్లని నడిపించేది కూడా ఆ కోణమే కదా! కాబట్టి ఒక తీరంలో ఏ తిథికి ఆటు సుమారు ఎన్నింటికి వస్తుందో ఒకసారి తెలిస్తే ప్రతి పక్షంలోనూ అది దాదాపు అలాగే తిరిగి వస్తుంది. త్సిత్సికామా తీరంలో పౌర్ణమి, అమావాస్యల్లో పగటి ఆటు సుమారు తొమ్మిది, పది గంటల మధ్య వస్తుంది. తదియ, చవితి నాటికి పదకొండు, పన్నెండున్నర మధ్యకి జరుగుతుంది. అష్టమి, నవముల్లో మధ్యాహ్నం మూడు దాటిపోతుంది.

ఇప్పుడు వెనక్కి లెక్క వేద్దాం. నాలుగో రోజు ఆటు 11:50 అనుకోండి. అరగంట ముందు, అంటే 11:20కి నది ఒడ్డున ఉండాలి. పది కిలోమీటర్లకి ఐదు గంటలు, మధ్యలో ఆగడానికి అరగంట. అంటే ఓక్‌హర్స్ట్ నుంచి 5:50కి బయలుదేరాలి. నది దాటి, ఒళ్ళు తుడుచుకుని, నాలుగు మెతుకులు తినేసరికి ఒంటిగంట. మిగిలిన నాలుగు కిలోమీటర్లు నడిచి మూడున్నర లోపు ఆండ్రే చేరవచ్చు.

అదే ఆటు పది గంటలకైతే తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. డిసెంబరులో ఐదు దాటగానే తెల్లవారుతుంది కాబట్టి ఎలాగో నెట్టుకు రావచ్చు. జూన్ లో ఏడు దాటితే గానీ సూర్యుడు రాడు. మూడు గంటలకి పైగా హెడ్‌ల్యాంప్ వెలుగులో తడి రాళ్ళ మీద నడక. ఆటు నాలుగింటికైతే నిద్ర లేవడం సుఖమే గానీ, నది దాటేసరికి జూన్ లో చీకటి పడుతుంది. పైగా అష్టమి ప్రాంతపు ఆటు అంతగా తగ్గదు.

అందుకే నా సూత్రం ఇది: నాలుగో రోజు తదియ గానీ చవితి గానీ అయ్యేలా చూసుకోవాలి. అంటే నడక పౌర్ణమి లేదా అమావాస్య నాడో, ఆ మరునాడో మొదలవ్వాలి. మూడో రోజు సాయంత్రం కేబిన్ల ముందు లాటరింగ్ నది కూడా దాటాలి. ముందు రోజు ఆటు దాదాపు 50 నిమిషాల ముందే వస్తుంది కాబట్టి, ఆ రోజు కూడా పెందలాడే బయలుదేరితే రెండూ కలిసొస్తాయి.

బుకింగ్ ఏడాది ముందు తెరుచుకుంటుంది, త్వరగా నిండిపోతుంది. కాబట్టి ముందుగా వచ్చే ఏడాది పంచాంగం చూసి ఐదారు తేదీలు గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆ తేదీలకి దక్షిణ ఆఫ్రికా నౌకాదళపు హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ఇచ్చే ఆటుపోట్ల పట్టికలో నైస్నా గానీ మాసెల్ బే గానీ చూసి నిమిషాలతో సహా సరిచూసుకోండి. తిథి తేదీల ఎంపికకి మాత్రమే, నది దాటడానికి పట్టికే ప్రమాణం. ఆప్ వాడితే టైమ్ జోన్ గమనించండి. అక్కడి సమయం యూటీసీకి రెండు గంటలు ముందు, వేసవికని గడియారం మార్చరు. ఎవరో మానుకున్న టికెట్లు మధ్యలో దొరికితే, సంబరపడే ముందు ఆ నాలుగో రోజు ఆటు ఎన్నింటికో చూడండి.

బఫర్ గురించి ఒక మాట. ఆఫీసులో రెండు రోజులు ముందు ముగించడానికీ రెండు రోజులు ఆలస్యానికీ పెద్ద తేడా ఉండదు. ఇక్కడ రెండు గంటలు ముందు వస్తే ఇసుకలో కూర్చుని జంతికలు తింటారు, అంతే. ఆలస్యం సంగతి వేరు. ఆటు నుంచి పోటుకి పట్టే ఆరు గంటల్లో మొత్తం తేడా పన్నెండు భాగాలనుకుంటే, నీరు గంట గంటకీ ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి భాగాల చొప్పున పెరుగుతుంది. పౌర్ణమి రోజుల్లో ఇక్కడి తేడా సుమారు 1.8 మీటర్లు. అంటే గంట ఆలస్యానికి 15 సెంటీమీటర్లు, రెండు గంటలకి 45, మూడు గంటలకి 90. మొదటి గంట ఆలస్యం చూసి "ఏమీ పెరగలేదుగా" అనుకుంటే మూడో గంట మాట వినదు. అందుకని బఫర్ అంతా నదికి ముందే పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. పట్టిక చెప్పేది సూర్యచంద్రుల లెక్క మాత్రమే. కొండల్లో రాత్రి కురిసిన వాన, దూరంగా ఎక్కడో పుట్టి వచ్చిన పెద్ద కెరటాలు దానిలో ఉండవు. త్సిత్సికామాలో ఏడాది పొడుగునా వానే. కాబట్టి ఒడ్డుకి చేరాక చూడాల్సినవి మూడు: నది రంగు, ప్రవాహపు వేగం, నోటి దగ్గర అలల ఎత్తు. నీరు ఉధృతంగా పారుతూ ఉంటే ఆటు సమయమైనా దిగకూడదు. ఇలాంటప్పటికే దారి పొడుగునా పైకి తీసుకుపోయే తప్పించుకునే దారులకి గుర్తులు పెట్టి ఉంచారు. బ్లౌక్రాన్స్ ముందున్నది ఎక్కడుందో, పార్కు వాళ్ళ ఎమర్జెన్సీ నంబరు ఏమిటో మొదటి రోజు చెక్-ఇన్ దగ్గరే అడిగి కాగితం మీద రాసుకోండి. దారిలో ఫోన్ సిగ్నల్ ని నమ్ముకోకండి.

దిగితే పాటించాల్సినవి: సంచీ మొత్తాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచీలో మూట కట్టాలి, అప్పుడది తేలుతుంది కూడా. సంచీ మోస్తూ దాటుతుంటే నడుం బెల్టు, ఛాతీ బెల్టు విప్పి ఉంచాలి, పడితే వెంటనే వదిలించుకోవడానికి. బూట్లతోనే దిగాలి. తాడుని ఎవరూ ఒంటికి కట్టుకోకూడదు.

చివరిగా, దాటాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయించాలి? నది ఒడ్డున వోటింగ్ పెడితే గజ ఈతగాడి మాటే నెగ్గుతుంది. ఈత రానివాడు మొహమాటానికి తల ఊపుతాడు. మేము బయలుదేరక ముందే ఒక ఒప్పందం చేసుకున్నాం: ఈత రానివాళ్ళలో ఏ ఒక్కరు వద్దన్నా అందరం పైదారి పట్టాలి, ఎందుకని అడగకూడదు. ఈ వాక్యాన్ని మీ స్ప్రెడ్‌షీట్ లో మొదటి వరసలోనే రాసుకోండి. బుకింగ్ డబ్బు కట్టే ముందే అందరి చేతా చదివించండి.