సగం డబ్బు ఒక్కడికే పోతే

పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో కబడ్డీ తెలియనివారు ఉండరు. అందుకే ప్రో కబడ్డీ లీగ్ జట్టు తెలుగు టైటాన్స్ అభిమానిని వేధించే ప్రశ్న ఇక్కడా అదే: స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్‌కు అన్ని కోట్లు పోసినా 2023-24లో జట్టు అట్టడుగున ఎందుకు మిగిలింది?

ముందు డబ్బు లెక్క. ప్రో కబడ్డీలో ప్రతి జట్టుకూ ఒక పర్సు ఉంటుంది. అంటే ఆటగాళ్లందరికీ కలిపి ఇంతకు మించి పెట్టకూడదన్న హద్దు. 2023 అక్టోబరు వేలంలో ఆ హద్దు 5 కోట్లు. టైటాన్స్ పవన్‌కే 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది.

ఈ కోట్లను పలాస జీడి ఫ్యాక్టరీ కొలతకు దించి చూడండి. వారం కూలీకి యజమాని దగ్గర 50 వేలున్నాయి, పనివాళ్లు 18 మంది. ఒక్కరికే 26,050 ఇస్తే మిగతా 17 మందికి తలా 1,409 రూపాయలు వస్తాయి.

ఆ ఒక్కడు అంత గొప్పవాడైతే నష్టమేముంది అంటారా? పవన్ గొప్ప రైడరే, అందులో అనుమానం లేదు. చిక్కంతా ఆట నియమంలో ఉంది. ఫుట్‌బాల్ స్టార్ తొంభై నిమిషాలూ మైదానంలో ఉండవచ్చు. కబడ్డీలో రైడర్ దొరికాడంటే బయట కూర్చోవాల్సిందే. మామూలుగా తోటివాళ్లు ఎదుటి జట్టు ఆటగాణ్ణి ఔట్ చేస్తేనే మళ్లీ లోపలికి వస్తాడు. అంటే 2 కోట్ల 60 లక్షల ఆటగాణ్ణి తిరిగి మ్యాట్ మీదికి తేవాల్సింది ఆ తక్కువ ధర ఆటగాళ్లే! ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు టైటాన్స్ గెలిచినవి రెండే.

గాయం సంగతి మరొకటి. 2022లో తమిళ్ తలైవాస్ పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొంటే, మొదటి మ్యాచ్‌లోనే గాయపడి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అయినా తలైవాస్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. నరేందర్ అనే కుర్రాడు రైడింగ్ భారం ఎత్తుకున్నాడు.

అలాగని స్టార్‌ను కొనడమే తప్పనుకోకండి. పుణేరి పల్టన్ అదే 2023 వేలంలో ఇరాన్ ఆటగాడు షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పెట్టి, కప్పు కూడా గెలిచింది. తేడా ఏమిటంటే, దాని వెనుక తక్కువ ధరకే ఏళ్లుగా అట్టేపెట్టుకుని తీర్చిదిద్దుకున్న కుర్రాళ్లున్నారు. నా దృష్టిలో అసలు పెట్టుబడి అదే. అది వేలంలో కనిపించదు, టీవీలో ఎవరూ దాన్ని అరిచి చెప్పరు.

అమెరికా సాకర్ లీగ్‌లో ఈ పర్సు హద్దుకు పక్కదారి ఉంది. ఇంగ్లండ్ స్టార్ డేవిడ్ బెక్‌హామ్ వచ్చిన 2007 నుంచి మేజర్ లీగ్ సాకర్ కొందరు స్టార్ల జీతంలో ఎక్కువ భాగాన్ని హద్దు లెక్కలోంచి తీసేస్తోంది. కబడ్డీలో ఆ వెసులుబాటు లేదు. స్టార్‌కు ఇచ్చిన ప్రతి రూపాయీ పక్కవాడి వాటాలోంచే పోతుంది.

మళ్లీ టైటాన్స్ సంగతికి వస్తే, ఆ జట్టు 2024లో పవన్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు ఉంచుకుంది. 12 మ్యాచ్‌లు గెలిచింది, ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పాయి. 2025లో పవన్‌ను వదిలేసి, భరత్ హుడాకు 81.5 లక్షలు, విజయ్ మాలిక్‌కు 51.5 లక్షలు పెట్టింది. ఇద్దరికీ కలిపి 1 కోటి 33 లక్షలు, అంటే 2023లో ఒక్కరికి పెట్టినదాంట్లో దాదాపు సగం. ఈసారి ప్లేఆఫ్స్‌కు చేరింది.