పొలం గొంతు ఫోన్‌లో: అపోహలు – వాస్తవాలు

గద్వాల నడిగడ్డలో సీడ్ పత్తి, వనపర్తి చెలకల్లో వేరుశనగ, నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ తోటల్లో మామిడి. వీటి మంచిచెడ్డల గురించి ఫోన్లలో రోజూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. పండించేవాళ్ల మాటే తక్కువగా వినబడుతోంది. తమ మాట ఫోన్‌లో చెప్పడానికి రైతులు, రైతుబిడ్డలు వెనకాడటానికి కారణమవుతున్న కొన్ని అపోహలివి.

అపోహ: వాట్సాప్ పుకార్లతో పొలానికేం నష్టం?

వాస్తవం: 2020 ఆరంభంలో చికెన్ తింటే కరోనా వస్తుందని ప్రచారం సాగింది. కోళ్ల ధర కుప్పకూలింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. కోళ్ల దాణాలో ప్రధానమైనది మొక్కజొన్న. కోళ్ల ఫారాలు ఖాళీ అయితే నాగర్‌కర్నూల్ రైతు మక్కలు ఎవరు కొంటారు? అబద్ధం వచ్చిన రోజే నిజం చెప్పే మనిషి ఊరి గ్రూపులో ఉండాలి.

అపోహ: వీడియోలు, బ్లాగులు బాగా చదువుకున్నవాళ్ల పని.

వాస్తవం: పత్తి విత్తన ప్యాకెట్ వెనక ఎంత చాకిరీ ఉందో బయటివాళ్లకు తెలియదు. గద్వాల సీడ్ పత్తి చేలో, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే వేళ్లతో ఒలిచి పుప్పొడి భాగాన్ని తీసేస్తారు. మధ్యలోని కీలానికి దెబ్బ తగలకూడదు. పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. ఈ క్రాసింగ్ ఒక్కో పువ్వుకూ చేయాలి, అదీ వారాల తరబడి. ఆ వేళ్లను రెండు నిమిషాలు చూపించండి, నడిగడ్డ యాసలోనే చెప్పండి. విత్తనం ధరలో పండించినవాళ్లు న్యాయమైన వాటా ఎందుకు అడుగుతున్నారో అందరికీ అర్థమవుతుంది. 2006లో బెంగళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్ ప్రయోగం రైతులతోనే వీడియోలు చేయించింది. తమలాంటి రైతు చెబితేనే రైతులు త్వరగా నమ్ముతారని అక్కడ తేలింది.

అపోహ: లక్షల వ్యూస్ వస్తేనే ప్రయోజనం.

వాస్తవం: ఒక తోట కాయ అమ్ముడుపోవడానికి నమ్మకంగా కొనే కొన్ని కుటుంబాలు చాలు. కార్బైడ్ భయంతో మామిడి కొనడానికే జంకేవాళ్లున్నారు. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. దానికి బదులు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడేందుకు ఆహార భద్రత సంస్థ 2016లో అనుమతించింది. కొల్లాపూర్ రైతు కాయ కోసిన తేదీ, మాగబెట్టిన తీరు చూపిస్తే ఆ భయం పోతుంది.

అపోహ: లాభాలు చూపిస్తేనే సాగుకు గౌరవం.

వాస్తవం: ‘ఎకరాకు లక్షలు’ అన్న వీడియో నమ్మి అప్పు చేసిన రైతుకు ఆ వీడియో తీసినవాళ్లు తోడు రారు. వనపర్తిలో యాసంగి పల్లి గురించి చెప్పేటప్పుడు విత్తనం ఖర్చు, బోరు నీళ్లు, కూలీలు, అడవి పందుల కాపలా అన్నీ చెప్పాలి. నేల రకం, విత్తిన తేదీ కూడా చెప్పాలి. ఎర్ర చెలకలో పండింది నల్లరేగడిలో అలాగే పండదు. మందు పేరు చెప్పేముందు నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551లోనో అడిగి తెలుసుకోవాలి. ఈ నంబరు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఉచితంగా పనిచేస్తుంది.

అపోహ: వీడియో పెడితే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుంది.

వాస్తవం: మొలకెత్తని విత్తనం గురించి ఎంత ఆవేశంగా మాట్లాడినా, రుజువు లేకపోతే పరిహారం రాదు. బిల్లు, లాట్ నంబరున్న సంచి, మిగిలిన కొద్ది విత్తనం దాచుకోవాలి. వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి కమిషన్‌కు) వెళ్లొచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. తేదీతో తీసిన పొలం వీడియో ఆ ఫిర్యాదుకు బలమిస్తుంది, పదిమందిని కూడగడుతుంది.

ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి. ఊరి పేరు, తేదీ, ఖర్చు, నష్టం దాచకుండా చెప్పండి. అలా చెప్పే రైతు మాటను మార్కెట్‌లోనైనా, కలెక్టరేట్‌లోనైనా తేలిగ్గా తోసిపుచ్చలేరు.