వేగంగా తిరిగితే త్వరగా అరుగుతుందా?

నంద్యాల జిల్లాలోని బేతంచెర్లలో నాపరాయిని కోసే గుండ్రటి బ్లేడుకు పళ్లుండవు; దాని ఉక్కు అంచుకు అతికిన ముక్కల్లో లోహపుపొడితో కలిపి బిగించిన వజ్రపు రేణువులే రాతిని గీరుతూ కోస్తాయి. బ్లేడు వేగం పెంచితే ఒక్కో రేణువుకు తగిలే రాయి తగ్గుతుంది కనుక ముక్క నిదానంగానే అరుగుతుంది గాని, మొద్దుబారిన రేణువులు రాలక, వాటి వెనక ఉన్న కొత్తవి బయటపడక, బ్లేడు కోయడం మాని రాపిడితో వేడెక్కుతుంది. వేగం బాగా తగ్గిస్తే ఒక్కో రేణువుపై బరువు పెరిగి, పదును పోకముందే అవి ఊడిపోతాయి. అంటే బ్లేడు తగుమాత్రం అరగడమే దాని పనితనం. ఎడతెగక పోసే నీరు వేడిని, రాతి బురదను తీసుకుపోతుంది. నీరు ఆగితే అతుకు సడలి ముక్క ఎగిరిపడవచ్చు, పైగా వేగం రెట్టింపైతే దాన్ని బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది.

బ్లేడుకు అరగడమే పనితనమైతే, ఫెలిక్స్ వాంకెల్ రూపొందించగా 1957లో తొలిసారి నడిచిన రోటరీ ఇంజన్‌లో ఆ అరుగుదలే చిక్కు. అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌కు బదులు మూడు మూలల రోటర్ తిరుగుతుంది కాబట్టి అదురు తక్కువ; మాజ్డా ఆర్‌ఎక్స్-8 కారులో ఇరుసు నిమిషానికి 9,000 చుట్లు తిరిగినా రోటర్ తిరిగేది 3,000 చుట్లే. అయితే వాయువు జారిపోకుండా మూలల్లో అమర్చిన సన్నని పట్టీలు, అనగా సీళ్లు, గోడను నిరంతరం రాసుకుంటూ అరుగుతాయి గనుక వాటికోసం కొంత నూనెను లోపలికి పంపి కాల్చక తప్పదు. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కారులో ఆ సీళ్లను సిరామిక్‌తో చేశారు.