లేని కొరతకు పెట్టిన ధర

గత రంజాన్ పండుగ మరునాడు మేము మోత్కూరులోని మా చెల్లెలి ఇంటికి వెళ్ళాము. పన్నెండేళ్ళ మేనల్లుడు తనకు వచ్చిన ఈదీ సొమ్ము ఎనిమిది వందల రూపాయలను మా చేతిలో పెట్టి, "మామూ, మీ ఫోన్‌తో కాయిన్లు కొనివ్వండి. ఇంకా మూడు గంటలే టైముంది" అని బతిమాలాడు. అతడు ఆడే ఆటలోని సైనికుడికి ఒక బంగారు రంగు దుస్తు అమ్మకానికి పెట్టారు. దాని పక్కనే ఒక గడియారం క్షణాలను వెనక్కి లెక్కిస్తోంది. ఆ దుస్తు తొడిగితే సైనికుడి బలం ఏమాత్రం పెరగదని కుర్రవాడికీ తెలుసు. కానీ అది లేనివాణ్ణి జట్టులోని పిల్లలు బీదవాడని వెక్కిరిస్తారట. ఆ మాట చెప్పేటప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ దుస్తుకు కొరత ఎక్కడి నుండి వచ్చింది? మన జిల్లాలోని పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. నూలును నూనెలో నానబెట్టాలి, ముడులు కట్టాలి, రంగులద్దాలి, ఆ తరువాతనే మగ్గానికి ఎక్కించాలి. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా తరలివెళ్ళిన ఆ రుమాలు అరుదైనదంటే దానికి కారణముంది: నేతగాడికి ఉన్నవి రెండు చేతులే. ఆటలోని దుస్తును మాత్రం ఒక్కసారి గీస్తే చాలు. కోటిమందికి ఇచ్చినా గోదాములో ఒక్కటీ తరగదు. కాబట్టి అక్కడ కొరత వస్తువులో లేదు, అమ్మేవాని నిర్ణయంలో ఉంది.

దీనిని 'ఇహ్తికార్' అనవచ్చునా? ధర పెరిగేదాకా సరుకును దాచిపెట్టేవాడు పాపాత్ముడని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. అయితే ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దీనిని మనుషుల, పశువుల ఆహారానికి పరిమితం చేశారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) ప్రజలకు హాని కలిగించే ప్రతి నిల్వకూ వర్తింపజేశారు. ఆటలోని అంగీ దొరకక ఎవరూ పస్తులుండరు గనుక దానిని నేరుగా ఇహ్తికార్ అనడానికి మేము సాహసించము. పండుగ వారం మాత్రమే అమ్ముతానని చెప్పి, మాటకు కట్టుబడి ఆపేసే వర్తకునిలో మాకు పెద్ద తప్పు కనిపించదు.

తప్పు అబద్ధంలో ఉంది. దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడన్నారు. వడ్లలో తేమ 17 శాతం దాటిందేమోనని కొనుగోలు కేంద్రంలో బిక్కుబిక్కుమంటూ నిలబడే మన రైతుకు ఈ హదీసును విడమరచి చెప్పనక్కరలేదు. గడువు తీరిన తరువాతా అమ్మదలచుకున్న వస్తువు పక్కన గడియారం పెట్టడమంటే తడి గింజలను అడుగున దాచడమే.

ఇది మా ఊహ కాదు. ఫోర్ట్‌నైట్ ఆటను నడిపే ఎపిక్ గేమ్స్‌కు 2024 మేలో నెదర్లాండ్స్ వినియోగదారుల సంస్థ 11 లక్షల 25 వేల యూరోల జరిమానా విధించింది. పిల్లలను కొనుగోళ్ళకు ఒత్తిడి చేశారని, గడియారంలో సమయం అయిపోయినా కొన్ని వస్తువులు అంగడిలో కొనసాగాయని ఆరోపించింది. కంపెనీ దానితో విభేదించింది. మన దేశంలోనూ 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. వాటిలో మొదటిది ఈ కృత్రిమ తొందరే. ఇక సొమ్ము కట్టించుకొని, ఏది వస్తుందో తెలియని పెట్టెను చేతికిచ్చే లాటరీ సంగతంటారా, మాయిదా సూరా 90వ ఆయతులో జూదాన్ని గురించి చదివినవారికి అనుమానం ఉండకూడదు.

అయితే కంపెనీలను తిట్టి చేతులు దులుపుకోలేము. 'చివరి మూడు రోజులు' అన్న బ్యానరును ఏడాది పొడవునా వేలాడదీసే బట్టల దుకాణాలు మన బజారులోనూ ఉన్నాయి, వాటిలో కొన్ని మనవారివే. పైగా పిల్లవాడికి ఫోన్ ఇచ్చిన మనమే దాని రహస్య సంఖ్యనూ చెప్పేస్తున్నాము. అనాథల ఆస్తిని అప్పగించేముందు వారి వివేకాన్ని పరీక్షించమని నిసా సూరా 6వ ఆయతు ఆదేశిస్తోంది. సొంత బిడ్డల విషయంలో ఆ పాటి జాగ్రత్త మనకు బరువా?

మేము ఆ రోజు కాయిన్లు కొనలేదు. వద్దని కసురుకోనూ లేదు. సొమ్ము తన దగ్గరే ఉంచుకొని, గడియారం సున్నా చేరాక ఏమవుతుందో చూసి చెప్పమన్నాము. అలిగి, రాత్రి భోజనానికి కూడా రాలేదు.

ఐదు వారాల తరువాత ఫోన్ చేశాడు. "మామూ, అదే డ్రెస్సు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూడు గంటలే అంటున్నారు" అన్నాడు. కొంటావా అని అడిగాము. ఈదీ సొమ్ములో సగం అప్పటికే క్రికెట్ బ్యాటుకు అయిపోయిందని చెప్పి, "అప్పుడు మరి అబద్ధమెందుకు చెప్పారు?" అని మమ్మల్నే నిలదీశాడు.