జాతరకూ జాతరకూ మధ్య ఒక ఎకో

మేడారంలో జాతర నాలుగు రోజులూ నడకే నడక. బస్సు దిగిన చోటి నుంచి జంపన్న వాగుకు, వాగులో మునిగి తడిబట్టలతో గద్దెలకు. నెత్తిన బంగారం, అంటే బెల్లం. ఆ జనంలో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే పక్కవాళ్లు మొహాన నీళ్లు చల్లుతారు. ఎండకనో, ఒక్కపొద్దు వల్లనో అనుకుంటారు. శివసత్తుల శిగాల నడుమ అదీ పూనకమేనని దండం పెట్టేవాళ్లూ ఉంటారు. చాలాసార్లు కారణం చిన్నదే. కానీ అరవై దాటిన మనిషి బరువు మోస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కూలబడితే, స్టెతస్కోపు పెట్టిన డాక్టరు గుండె చప్పుళ్ల మధ్య ఒక గరుకు శబ్దం కోసం వెతుకుతారు. అది మెడ దాకా వినిపిస్తే అనుమానం వాల్వు మీదికి పోతుంది.

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం బయల్దేరే ద్వారం దగ్గర ఉండేదే అయోర్టిక్ వాల్వు, మన పుస్తకాల్లో బృహద్ధమని కవాటం. మూడు పల్చటి రెక్కలు. పూర్తిగా తెరుచుకుంటే దారి 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు. వయసు పైబడ్డాక రెక్కల మీద కాల్షియం పేరుకుని అవి బిగుసుకుపోతాయి. నూటికి ఒకరిద్దరికి పుట్టుకతోనే రెండు రెక్కలుంటాయి, వాళ్లకు ఈ ముప్పు ముందే వస్తుంది. చిన్ననాటి గొంతునొప్పి వెనకాల వచ్చే రుమాటిక్ జ్వరం కూడా వాల్వును పాడుచేస్తుంది. దారి 1 చదరపు సెంటీమీటరుకు దిగితే జబ్బు తీవ్రమైనట్టే. విచిత్రమేమిటంటే, అప్పటికీ కొందరికి ఏ బాధా తెలియదు.

లోపలి సంగతి చెప్పేది టూడీ ఎకో. స్వీడన్‌లోని లుండ్‌లో 1953లో ఇంగే ఎడ్లర్ అనే డాక్టరు, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రాన్ని గుండె మీద పెట్టి మొదలుపెట్టిన పరీక్షకు తర్వాతి రూపం ఇది. అందులోని డాప్లర్ పద్ధతి రక్తం వేగాన్ని కొలుస్తుంది. వాగు వెడల్పుగా పారేచోట నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, ఇరుకు తూములో ఉరుకుతాయి. వాల్వు దగ్గరా అంతే. మామూలుగా సెకనుకు మీటరున్నర లోపు పోయే రక్తం, వాల్వు బాగా సన్నబడితే 4 మీటర్లు దాటుతుంది. ఆ అంకెను వర్గం చేసి నాలుగుతో గుణిస్తే వాల్వుకు అటూ ఇటూ ఉన్న పీడనాల మధ్య తేడా వస్తుంది. 4 మీటర్లకు 64 మిల్లీమీటర్ల పాదరసం.

పరీక్షకు సూదీ లేదు, రేడియేషనూ లేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. రొమ్ము మీద చల్లటి జెల్ రాసి ప్రోబు ఆనిస్తారు. మధ్యమధ్యలో ఊపిరి బిగబట్టమంటారు. యంత్రంలోంచి రక్తం బుసకొట్టినట్టు చప్పుడు వినిపిస్తుంది. ప్రోబు ఒకేచోట ఉంచితే సరిపోదు. రొమ్ము కింద, రొమ్ము ఎముక కుడి అంచున, గొంతు గుంట దగ్గర వెతికి అన్నింట్లోకీ ఎక్కువ వేగాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

అయితే ఒక్క ఎకోతో పని ముగియదు. జబ్బు ఒకసారి మొదలయ్యాక వేగం సగటున ఏడాదికి 0.3 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 2024 ఫిబ్రవరి జాతర నాడు 3.2 ఉన్న మనిషికి 2026 జనవరి జాతర నాటికి 3.8 దగ్గరికి రావచ్చు. కొందరిలో ఇంకా త్వరగా. అందుకే వేగం 3 లోపు ఉంటే మూడు నుంచి ఐదేళ్లకోసారి, 3కూ 4కూ మధ్య ఉంటే ఏడాది, రెండేళ్లకోసారి, 4 దాటితే బాధ లేకపోయినా ఆరు నెలల నుంచి ఏడాదికోసారి ఎకో తీయించాలి.

అంకెలు ఒక్కోసారి మోసం చేస్తాయి కూడా. గుండె కండరం నీరసిస్తే రక్తాన్ని గట్టిగా తోయలేదు. అప్పుడు వాల్వు ఎంత ఇరుకైనా వేగం తక్కువే కనిపిస్తుంది. అందుకే రిపోర్టులో వాల్వు వైశాల్యం, గుండె పంపింగ్ శాతం కలిపి చూస్తారు. పరీక్షనాటి బీపీ కూడా రాసిపెడతారు.

ఈ ఇరుకును ఆపే మందు ఇంతవరకూ లేదు. కొలెస్ట్రాల్ మాత్రలు వాడి చూశారు, ఫలితం రాలేదు. తీవ్రమైన దశలో ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం మొదలైతే వాల్వు మార్చాల్సిందే. అందుకు ఆపరేషన్ ఉంది. ఫ్రాన్స్‌లో 2002లో అలన్ క్రిబియే మొదలుపెట్టినట్టు రక్తనాళం గుండా కొత్త వాల్వును పంపించే దారీ ఉంది.

మేడారం నుంచి వరంగల్ సుమారు 100 కిలోమీటర్లు. పాత రిపోర్టు ఇంట్లో మరచి అంత దూరం పోతే డాక్టరుకు పోల్చి చూసుకునే ఆధారం ఉండదు. ఎకో కాగితాలన్నీ తేదీల వరుసన ఒకే కవరులో పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడు రావాలో దాని మీదే రాయించుకోండి. ఈలోగా నడిస్తే కళ్లు తిరిగినా, నిరుడు మోసిన బరువు ఈ ఏడు మోయలేకపోయినా ఆ తేదీ దాకా ఆగకండి.