అరకుని నేల టిక్కెట్టు మీద చూడండి!

పాట మొదలవుతుంది. వెనక కొండల మీద మంచు, ముందు పసుపుపచ్చని పూలతోట. ఆ చివర హీరో, ఈ చివర హీరోయిన్. చేతులు చాచి పూల మధ్య నుంచి పరిగెత్తుకొస్తారు... ఇక హాల్లో ఈలలే ఈలలు!

ఆ ఈలల్లో నాదీ ఒకటి ఉండేది. ఎందుకంటే మాది శృంగవరపుకోట. మా నోట ఎస్.కోట. అరకు లోయకి ఎక్కే ఘాట్ రోడ్డు మా ఊరు దాటాకే మొదలవుతుంది. తెర మీద అరకు కనబడితే మావాళ్లకి మేనమామ ఇల్లు కనబడ్డంత సంబరం! 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు మేం ఇటు వచ్చేశాం, అరకు విశాఖ జిల్లాలో ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లాలు విడిపోయినా రాకపోకలు విడిపోలేదు లెండి.

ఇంత దగ్గర ఉండీ నేను అరకుని సరిగ్గా చూసింది ఆలస్యంగానే. అంతకుముందు ఒక సిగ్గుమాలిన పని చేశాను. ముందు అది చెప్పేస్తాను.

హీరోగారి ఎంట్రీ!

కాలేజీ రోజులు. నవంబరు నెల. నలుగురం రెండు బైకుల మీద బయల్దేరాం. అనంతగిరి, గాలికొండ దాటి లోయలోకి దిగేసరికి రోడ్డు పక్కన అచ్చం సినిమాలో పూలతోటే! బైకులు ఆపాం. మావాడొకడు ఫోను కళ్లకి పెట్టుకుని "స్టార్ట్... యాక్షన్!" అన్నాడు. ఇంకేం, హీరోగారు, అంటే నేనే, చేతులు చాచి పూలల్లోకి ఉరికాను. ఒక టేకు బాగా రాలేదు. రెండోది. మూడోది. నాలుగో టేకుకి గట్టు మీద ఓ ముసలావిడ నిలబడి ఉంది.

తిట్టలేదు. కేకలెయ్యలేదు. నెమ్మదిగా అంది:

"నువ్వు తొక్కింది పువ్వు కాదు బావూ. నూనె."

మావాడు నవ్వి, జేబులోంచి నోటు తీసి ఇవ్వబోయాడు. ఆవిడ దానివైపు చూడనైనా చూడలేదు. వంగి, నేను తొక్కిన మొక్కల్ని ఒక్కొక్కటే లేపి నిలబెట్టడం మొదలుపెట్టింది. కొన్ని నిలబడ్డాయి. కొన్ని నిలబడలేదు.

అవి వలిసెలు. పూసిన పువ్వే ఎండి గింజ కావాలి. ఆ గింజ ఆడిస్తే ఇంటికి నూనె. మిగిలింది అమ్మితే చేతిలో నాలుగు డబ్బులు. నేను నాలుగు టేకులు తీసింది ఒకరి వంటింట్లో అన్నమాట!

"గంప మొయ్యాలి మరి!"

ఇంటికొచ్చి మా పెద్దప్పతో చెప్పాను. ఆవిడ మా అందరిలోకీ పెద్దది. ఎండుచేపలు, ఉల్లిపాయలు పట్టుకుని శుక్రవారం శుక్రవారం అరకు సంతకి వెళ్తుంది. అంతా విని, "అరకు సూడ్డానికి ఎల్లినావేటి? నాతో రా, సూపిస్తాను. కాకపోతే గంప మొయ్యాలి మరి!" అంది.

సరేనన్నాను. పెద్ద మూటలు ముందే వ్యానులో వెళ్లిపోయాయి. మిగిలిన గంపతో మేం విశాఖ నుంచి వచ్చే కిరండూల్ రైలెక్కాం.

ఈ రైల్లో అద్దాల పెట్టె ఉంది. 2017 ఏప్రిల్లో పెట్టారు. పైకప్పుకి కూడా అద్దాలు, గుండ్రంగా తిరిగే కుర్చీలు. అది బాల్కనీ! మాది జనరల్ పెట్టె, అంటే నేల టిక్కెట్టు. సినిమా హాల్లో అసలు మజా ఎక్కడుంటుందో మీకు నేను చెప్పాలా? ఇక్కడా అంతే. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... ప్రతి స్టేషన్లో ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, కోడిపుంజులు, పనసకాయలు, పెళ్లి కబుర్లు. పెట్టె నిండా తెలుగూ, ఒడియా, కొండభాషలూ కలగలిసి వినబడతాయి. సొరంగం రాగానే లైట్లు తీసేసిన హాల్లోలా పిల్లలంతా ఒకటే కేకలు!

ఈ లైను మనకోసం వేసింది కాదు. బైలడిల్లా కొండల్లోని ఇనప రాయిని విశాఖ రేవుకి దింపి జపానుకి పంపడానికి 1960ల్లో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సొరంగాలు 58 అని లెక్క చెబుతారు. దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినది అదే. ఎదురుగా ఖనిజం బళ్లు బరువుగా దిగుతుంటే మన రైలు పక్కకి తప్పుకుని ఆగుతుంది. విసుక్కోకండి. అదే ఇంటర్వెల్. జామకాయలో సీతాఫలాలో కొనుక్కోండి.

బొర్రా నీళ్లు, భీమిలి సీను

బొర్రా గుహల స్టేషన్లో సగం జనం దిగిపోతారు. చూడాల్సిన చోటే. సున్నపురాయిని నీరు వేల వేల ఏళ్లు కరిగించి చెక్కిన సెట్టింగు అది, ఏ ఆర్ట్ డైరెక్టరూ వెయ్యలేడు! ఆవు ఒకటి పైనుంచి కన్నంలో పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనబడిందనీ అక్కడివాళ్లు చెబుతారు. అందుకే ఇక్కడి ఏరు గోస్తని.

ఈ గోస్తనికీ మీకూ పాత పరిచయం ఉంది. ఇది కొండ దిగి, మా విజయనగరం జిల్లాలో తాటిపూడి రిజర్వాయరు నింపి, అక్కణ్ణుంచి విశాఖ కుళాయిలకి మంచినీళ్లిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అవును, 1978లో 'మరో చరిత్ర'లో కమల్‌హాసన్, సరిత తిరిగిన ఆ భీమిలే! కనుక బొర్రా దగ్గర ప్లాస్టిక్ సీసా విసిరేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ నీళ్లు కిందనున్న మనమే తాగాలి.

సంతే అసలు సినిమా

అరకులో దిగాం. జనం మ్యూజియం వైపు, పద్మాపురం గార్డెన్స్ వైపు ఆటోలెక్కుతున్నారు. మేం గంపెత్తుకుని సంతకి నడిచాం.

అబ్బో, ఆ జనం! పసుపు, అల్లం, చింతపండు, మిరియాలు, రాజ్‌మా, కొండచీపుళ్లు, అడ్డాకులు. ఒక్కో ఆడమనిషి ముందు ఒక్కో పోగు. కింద నుంచి వచ్చేవి ఉప్పు, ఉల్లి, ఎండుచేప, బట్టలు. పెద్దప్ప దగ్గరికి వచ్చేవాళ్లంతా ముందు కుశలం అడుగుతున్నారు, తర్వాతే చేప ధర.

నేను తెలివితేటలు చూపిద్దామని ఓ అల్లం పోగు దగ్గర సగానికి బేరమాడాను. పెద్దప్ప పక్కకి లాగి చివాట్లేసింది.

"ఆవిడ తెల్లారకముందు నెత్తిన బరువెట్టుకుని కొండ దిగింది. సాయంత్రం మళ్లీ మోసుకెళ్లలేదు. అది తెలిసే మనోళ్లు సగానికడుగుతారు. నానూ ఒకప్పుడు అడిగినాను. ఇప్పుడు మానేసినాను."

నేను నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చేశాను. తిన్నది చోడంబలి. ఆ ఎండకీ ఆ నడకకీ అంతకంటే చల్లని పదార్థం లేదు. బొంగులో చికెన్ కూడా తినండి, తప్పులేదు. కోడిమాంసం వెదురు బొంగులో కూరి, ఆకుతో మూసి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. నూనె విలువ తెలిసినవాళ్లు మరి!

సాయంత్రం కాఫీతోటల్లోకి నడిచాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం తీగ. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. పారిస్‌వాడికి తెలిసిన అరకు పంట విలువ పక్కూరి హీరోగారికి తెలీలేదు, చూడండి!

అన్నట్టు, థింసా మాటేమిటంటారా? టూరిస్టులకి ఆడి చూపిస్తారు, చూడొచ్చు. అయితే చైత్రంలో ఇటుకల పండగప్పుడు వస్తే, ఎవరి కోసమో కాక తమ కోసం ఆడుకునే థింసా చూస్తారు. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, డప్పుకీ తుడుముకీ అడుగు కలిపి, పాములా మెలికలు తిరుగుతారు. దారిలో ఆడవాళ్లు కర్ర అడ్డం పెట్టి పండగ డబ్బులు అడిగితే నవ్వుతూ ఇచ్చి కదలండి. "ఫొటో తీసుకోనా?" అని అడిగి తియ్యండి. వద్దంటే మానండి.

ఇంకొక్క మాట. 'వన్ ఆఫ్ సెవెంటీ' అని అందరూ పిలిచే 1970 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద 'సమత' సంస్థ సుప్రీం కోర్టుకెళ్లి 1997లో గెలిచింది. ఆ కొండ మీద నేల నిలబెట్టుకోవడానికి అంత పోరాటం జరిగింది. అలాంటి చేలో దిగేముందు గట్టు మీద ఎవరైనా ఉన్నారా అని చూడకపోతే ఎలా? ఇప్పుడు కొన్నిచోట్ల రైతులే దారి వదిలి, కొద్ది డబ్బు తీసుకుని ఫొటోలకి రానిస్తున్నారు. అది ఇచ్చి, ఆ దారిలోనే నిలబడండి. ఫొటో అంతే అందంగా వస్తుంది!

తిరుగు రైల్లో పెద్దప్ప నిద్రపోయింది. గంప నా ఒళ్లో ఉంది, అల్లం వాసన వేస్తూ.

ఆ ముసలావిడ చేను కోసం తర్వాత రెండుసార్లు వెతికాను. అదే రోడ్డు, అవే పూలు. ఆవిడ కనబడలేదు. కనబడితే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు.

మొన్న మా ఊరి హాల్లో మళ్లీ అలాంటి పాటొకటి వచ్చింది. పసుపు పూలు, హీరో పరుగు. పక్క సీట్లో మావాళ్లు ఈలలతో హాలెత్తేస్తున్నారు. నేను మాత్రం నాకు తెలీకుండానే కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాను.